గొర్రె పాల జున్ను

నా రెండేళ్ల పరిశోధన ఒక ముసలామె నవ్వుకు కూలిపోయింది. వైవాకు అప్పటికి నాలుగే రోజులున్నాయి.

ఆ గురువారం మధ్యాహ్నం బూర్గంపాడు దాటాక, పత్తికట్టె పీకేసిన ఒక చేలో, గొర్రెల మంద పక్కన పరిచిన గొంగడి మీద కూర్చున్నాను. పాట పాడిన మనిషి సమ్మతి తెలుపుతూ కాగితం మీద వేలిముద్ర వేయాలని యూనివర్సిటీవాళ్లు చివరి నిమిషంలో మెలిక పెట్టారు. ఆ కాగితం పట్టుకుని భద్రాచలం నుంచి స్కూటీ మీద గోదావరి వంతెన దాటి, ముగ్గురిని అడిగి, నాలుగు చేలు తిరిగి ఆ పాట పాడిన ముసలాయననూ ఆయన భార్యనూ పట్టుకునేసరికి నా సహనం సగం అయిపోయింది. నాకు అసలే సహనం తక్కువ. మా కాలేజీలో ఆ సంగతి అటెండరు దగ్గర్నుంచి ప్రిన్సిపాల్ దాకా అందరికీ తెలుసు.

మా వైపు పంట తీశాక రైతులు గొర్రెలకాపరులను పిలిచి చేలో మంద కట్టించుకుంటారు. మంద నాలుగు రోజులు అక్కడే పడుకుంటే ఆ ఎరువుకు వచ్చే ఏడు చేను బాగా పండుతుంది. ఈ ముసలాయన భార్యను, ఇద్దరు కొడుకులను, మందను వెంటబెట్టుకుని ఏటా గోదావరి ఒడ్డుకు వస్తాడు. ఒక చేను నుంచి ఇంకో చేనుకు మారుతూ ఎండలు ముదిరేదాకా ఉంటాడు. రెండేళ్ల కిందట ఇలాగే ఒక గట్టు మీద ఆయన పాడుకుంటున్న పాట వినబడి నేను బండి ఆపాను. ఆపకుండా పోయి ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

నేను డిగ్రీ కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్ని. ఇంగ్లిష్ చెబుతాను. పదహారేళ్లుగా ప్రతి జూన్‌లోనూ ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియక బిక్కుబిక్కుమంటూ బతికినదాన్ని. ఎట్టకేలకు రెగ్యులర్ పోస్టులకు ప్రకటన వచ్చింది. దానికి పిహెచ్‌డీ కావాలి, ఆ పట్టా నెలాఖరులోపు చేతిలో ఉండాలి. వయసు ప్రకారం నాకు అదే చివరి అవకాశం. సోమవారం వైవా గట్టెక్కితే పట్టా, పట్టా వస్తే దరఖాస్తు. గట్టెక్కకపోతే మళ్లీ జూన్, మళ్లీ బిక్కుబిక్కు.

నా పరిశోధన విషయం చెబితే మా వీధిలో నవ్వుతారు. రెండువేల ఏళ్ల కిందట లాటిన్ కవులు గొర్రెలకాపరుల నోట ప్రేమ పాటలు పాడించారు. కాపరి చెట్టునీడన కూర్చుని పిల్లనగ్రోవి ఊదుతాడు. తనను కాదన్న పిల్ల గురించి కొండకూ చెట్టుకూ చెప్పుకుంటాడు. పండ్లు తెచ్చాను, పాలు తెచ్చాను, రమ్మని బతిమాలతాడు. నిజానికి ఆ పాటలు కట్టినవాళ్లు బాగా చదువుకున్న పట్నం మనుషులు. వాళ్ల కాపరి గొర్రెకు గిట్టలో పుండు పడదు, తోడేలు పిల్లను ఎత్తుకుపోదు. ఎప్పుడూ నీడే, ఎప్పుడూ పాటే. అయినా ఆ పాట చావలేదు. ఇటలీవాళ్లు అందుకున్నారు, వాళ్ల దగ్గర్నుంచి ఫ్రాన్సువాళ్లు, ఇంగ్లండువాళ్లు అందుకున్నారు. రాజుల కొలువుల్లో దొరసానులు కాపరి పిల్లల వేషాలు కట్టారు. చనిపోయిన స్నేహితుడి కోసం ఏడవాల్సి వచ్చినా కవులు ఆ కాపరి గొంగడి కప్పుకునే ఏడ్చారు.

క్లాసులో ఇదంతా చెబుతుంటే ఒకసారి గొర్రెలున్న ఇంటి పిల్ల లేచి, "మేడం, గొర్లు కాసేటోనికి కూసునే తీరిక యాడుంటది?" అని అడిగింది. నేను దాన్ని కూర్చోమన్నాను. జవాబు లేనప్పుడు లెక్చరర్లు చేసే పని అదే.

అలాంటి సమయంలో ఈ ముసలాయన పాట నా చెవిన పడింది.

కొండకు చెప్పిన, కొండ పలికింది,
చెట్టుకు చెప్పిన, చెట్టు ఊగింది,
నీకు చెప్పిన, నీకు వినరాదా?
గొర్రె పాల జున్ను తెచ్చిన, తినిపోరాదా?

ఇంకా రెండు చరణాలున్నాయి. నాకు ఒళ్లు ఝల్లుమంది. అక్షరం రాని మనిషి, లాటిన్ అనే మాటే వినని మనిషి, రోము కవులు పాడించిన పాటే పాడుతున్నాడు. అదే కొండ, అదే చెట్టు, అదే కానుక. పుస్తకం చేరని చోట కూడా ఈ పాట పుట్టిందంటే, ఇది ఒకరి నుంచి ఒకరికి అందిన ప్రభావం కాదని తేలిపోయింది కదా! గొర్రెల వెంట నడిచే మనిషి ఎక్కడున్నా ఇలాగే ప్రేమిస్తాడు, ఇలాగే పాడతాడు. ఇదీ నా సిద్ధాంతం. మూడో అధ్యాయమంతా దీని మీదే కట్టాను. నా గైడు సారు దాన్ని నెత్తిన పెట్టుకున్నాడు. "మట్టిలోంచి పుట్టిన పాట, ఎవరూ రాయని పాట" అని ముందుమాటలాంటిది కూడా రాసిచ్చాడు.

ఇక ఆ గురువారం సంగతి. ముసలాయన కాగితం మీద వేలిముద్ర వేశాడు. ఆయన భార్య నా చేతిలోని అచ్చు ప్రతిని తొంగిచూసి, "గండ్ల ఏం రాసినవో జర సదువు బిడ్డా" అంది. పాట చదివాను. మొదటి చరణం చివరికి వచ్చేసరికి ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"ఇగ గీ జున్ను కాగితం మీదికి గూడ ఎక్కిందా! యాభై ఏండ్ల సంది ఇంటున్న, ఇన్నప్పుడల్లా నవ్వొస్తది."

"ఎందుకు నవ్వు?" అన్నాను, కొంచెం గట్టిగానే.

"గొర్రె పాలు దాని పిల్లకే సాలవు బిడ్డా. ఎవలు పిండుతరు, ఎవలు జున్ను కాస్తరు? మా ఇండ్లల్ల ఎన్నడన్న సూసినవా? గొర్లు కాసేటోడెవడన్న గట్ల పాట కడతడా?"

 జున్ను పెట్టే కాపరి ఎక్కడుంటాడో నాకు బాగా తెలుసు. లాటిన్ పాటల్లో ఉంటాడు. అక్కడి కాపరి పిల్లను పిలిచినప్పుడల్లా మా ఇంట్లో తాజా చీజ్ ఉందని గొప్పలు చెప్పుకుంటాడు, ఎందుకంటే ఆ దేశంలో గొర్రెపాలతో చీజ్ చేస్తారు. ఆ చీజ్‌కు తెలుగులో మాట వెతుక్కునే మనిషి, జన్మలో గొర్రెను కాయని మనిషి, జున్ను దగ్గర ఆగుతాడు. మా అడవి అంచున ఆ పొరపాటు చేయగలవాళ్లు ఒక్క రకమే ఉన్నారు. క్రైస్తవ మిషన్‌లో లాటిన్ చదువుకున్నవాళ్లు. నేను ఆ చరణాన్ని రెండేళ్లు కళ్లకద్దుకుని, "పశుపాలకుల జీవితానికి సహజమైన కానుక" అని కింద వివరణ కూడా రాశాను. నేను పుట్టి పెరిగింది గొర్రెల మందలు ఇంటి ముందు నుంచి పోయే వీధిలో.

"పెద్దయ్యా, ఈ పాట నీకెవరు నేర్పిండ్రు?" అన్నాను.

"నువ్వు అడగలే గదమ్మా," అన్నాడాయన నిదానంగా. "ఎంత పాతదని అడిగినవ్. శానా పాతదని చెప్పిన."

నిజమే. నాకు కావలసిన జవాబు వచ్చేదాకా అడిగాను, వచ్చాక రికార్డు ఆపేశాను.

"ఇప్పుడు అడుగుతున్న. చెప్పు."

ఆయన కర్ర పక్కన పెట్టి చెప్పుకొచ్చాడు. "గప్పుడు మేం దుమ్ముగూడెం దిక్కు మందలు తోలుతుంటిమి. నాకింక పెండ్లి గాలే. అడివి పక్కన మిషన్ హాస్టల్ ఒకటి ఉండె. క్రిస్మస్‌కు నాటకం ఏసేటోల్లు. ఏసు పుట్టినప్పుడు గొర్లకాపరులు వస్తరు గద, దానికి నిజం గొర్రెపిల్లలు కావాల్నని నన్ను పిలిసిండ్రు. రెండు పిల్లల్ని సంకల పెట్టుకొని పోయిన. నాటకం నేర్పే బ్రదర్ ఒకాయన గొర్లకాపరులు పాడనీకి ఈ పాట రాసిండు. నాలుగొద్దులు నేర్పిండు. ఐదో రోజు పెద్ద ఫాదర్ వచ్చి ఇన్నడు. పుట్టింది ఏసుప్రభువైతే మీరు పిల్ల కోసం ఏడుస్తున్నరేంది అని కాయితాలు గుంజుకొని సింపేసిండు. వేరే పాట పెట్టిండ్రు. నాకు మాత్రం ఇదే నోట్లె వడ్డది. ఇగ పోలే."

"ఆ బ్రదర్ ఎట్లుంటుండె?" అని అడిగాను.

"బక్కగ, కండ్లద్దాలు. ఎడమచెయ్యితోటి రాస్తుండె, చెయ్యంత సిరా అంటుతుండె. మంచోడు, ఎన్నడు ఎవల్ని తిట్టలే."

నేను లేచాను. చాయ్ తాగి పొమ్మని ఆమె అంటున్నా వినకుండా బండెక్కాను. సోమవారం పొద్దున యూనివర్సిటీకి తప్పకుండా వస్తామని ఆయన వెనక నుంచి కేకేశాడు. వైవాలో స్వయంగా పాడాలని నేనే నెల కిందట పిలిచాను. వంతెన మీద ఇసుక లారీ ఒకటి హారను కొడుతూ నన్ను రాసుకుంటూ పోయింది. దాని డ్రైవర్ని నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

ఇంటికి వచ్చేసరికి మా నాన్న వరండాలో కూర్చుని బెండకాయలు తరుగుతున్నాడు. ఎడమచేత్తో.

ఆయన గురించి చెప్పాలి. మధిర వైపు మనిషి. చిన్నప్పుడే ఫాదర్ కావాలని సెమినరీలో చేర్చారు. అక్కడ లాటిన్ నేర్చుకున్నాడు. మధ్యలో ఒక ఏడాది పల్లె మిషన్‌లో బ్రదర్‌గా పనిచేసి రావాలని పంపుతారు. ఆ ఏడాది తర్వాత కొన్నాళ్లకు ఫాదర్ కాకుండానే బయటికి వచ్చి, స్కూల్ టీచరై, పెళ్లి చేసుకున్నాడు. నాకు పదేళ్లప్పుడు వేసవి సెలవుల్లో లాటిన్ మొదలుపెట్టించాడు. మిగతా పిల్లలు మామిడికాయలు కొడుతుంటే నేను నామవాచకాల రూపాలు వల్లించాను. అమ్మ పోయాక నా దగ్గరే ఉంటున్నాడు. నా థీసిస్‌లో ప్రతి పేజీ ఆయన చదివిందే. ముసలాయన పాటకూ లాటిన్ పాటలకూ పోలికలు చూపించిందే ఆయన. "ఇది చూశావా, ఇది అచ్చం అలాగే లేదూ" అని చిన్నపిల్లాడిలా వేలు పెట్టి చూపించేవాడు. ఆ పోలికలు ఆయనకు అంత తొందరగా ఎలా దొరుకుతున్నాయని నేను ఒక్కసారి కూడా అనుమానించలేదు.

"నాన్నా, దుమ్ముగూడెం దారిలో మిషన్ హాస్టల్లో క్రిస్మస్ నాటకం నేర్పావా నువ్వు?"

కత్తి ఆగింది. "చెప్పేశాడా?" అన్నాడు.

కనీసం కాదనలేదు. 

"ఎప్పుడు గుర్తుపట్టావు?"

"నువ్వు ఫోన్లో వినిపించిన మొదటిరోజే. మొదటి లైనుకే."

"రెండేళ్లు! రెండేళ్లు నా పక్కన కూర్చుని పేజీలు దిద్దావు. ఎవరూ రాయని పాట అని నేను రాస్తుంటే కామాలు సరిచేశావు. ఎందుకు చెప్పలేదు?"

నాన్న బెండకాయ ముక్కలను పళ్లెంలో ఒక పక్కకు జరిపాడు, మళ్లీ ఇంకో పక్కకు జరిపాడు. తర్వాత నా వైపు చూడకుండా అన్నాడు. "నేను జీవితంలో రాసింది అదొక్కటేనమ్మా. దాన్ని నా కళ్ల ముందే చింపేశారు. అది బతికే ఉందని యాభై ఏళ్లకు తెలిసింది. జనం దాన్ని తమదే అనుకుని పాడుకుంటున్నారు. మీ సారు మట్టిలోంచి పుట్టిందని రాశాడు. నన్ను అంతకన్నా ఎవరు పొగడగలరు? కొన్నాళ్లు అలాగే ఉండనిద్దామనుకున్నాను. తర్వాత చెప్పడానికి భయమేసింది."

"నా ఉద్యోగం నాన్నా అది. నీ పొగడ్త కాదు, నా ఉద్యోగం."

 నేను లోపలికి పోయి తలుపేసుకుని గైడు సారుకు ఫోన్ చేశాను.

సారు అంతా విన్నాడు.  తర్వాత చాలా మామూలుగా, "ఈ విషయం ఎంతమందికి తెలుసు?" అన్నాడు. ముగ్గురికి అన్నాను. "ముసలివాళ్ల జ్ఞాపకానికి రుజువేముంది? ఆ కాగితాలు చింపేశారంటున్నావు. సోమవారం కానివ్వు. పట్టా వచ్చాక తీరిగ్గా ఒక వ్యాసం రాసి సరిదిద్దుకో. ఆ జున్ను ఒక్కటే అనుమానం రేపేది. దాన్ని పాలకుండ అని మార్చు. పాటల్లో పాఠాంతరాలు మామూలే కదా."

ఫోన్ పెట్టేశాక నేను చాలాసేపు ఆయన్ని మనసులో తిట్టుకున్నాను. శుక్రవారం పొద్దున కంప్యూటర్ తెరిచి జున్ను తీసేసి పాలకుండ పెట్టాను. వైవాలో చూపించే స్లైడుల్లో మార్చాను, వివరణ మార్చాను. అరగంట పని. ఎవరో బలవంతం చేస్తే చేశానని చెప్పుకోవడానికి లేదు. ఆ ఉద్యోగం నాకు కావాలి. అంతగా కావాలి.

శనివారం నాన్న ఆ స్లైడుల ప్రింటు చూశాడు. కళ్లద్దాలు పైకి తోసుకుని, "జున్ను తీసేశావా?" అన్నాడు. అబద్ధం ఆడుతున్నందుకు కాదు, తన లైను మార్చినందుకు ఆయన మొహం మాడిపోయింది! నాకు వచ్చిన కోపానికి చేతిలో ఉన్న గ్లాసు విసిరికొట్టేదాన్నే. విసరలేదు, స్టీలు గ్లాసు కాబట్టి విసిరినా తృప్తి ఉండదని. "నీ జున్నుతోనే నా బతుకు ఇట్ల తగలబడింది" అని అరిచాను. ఆ రోజంతా మేం మాట్లాడుకోలేదు.

ఆదివారం చర్చిలో పూజకు వెళ్లాం. దివ్యసత్ప్రసాదానికి అందరూ వరసలో లేచి వెళుతుంటే నేను బెంచీలోనే కూర్చుండిపోయాను. తప్పు చేసి ఒప్పుకోనివాళ్లు దాన్ని తీసుకోకూడదు. నా పక్కన కూర్చున్నావిడ ఒంట్లో బాగాలేదా అని అడిగింది. అవునన్నాను. వరసలో వెళ్తున్న నాన్న వెనక్కి తిరిగి నన్ను చూసి, తనూ వరసలోంచి బయటికి వచ్చి బెంచీ చివర కూర్చున్నాడు. ఇద్దరం అలా చెరో చివర కూర్చుని ఉన్నాం.

సోమవారం. యూనివర్సిటీలో మా విభాగం హాలు నిండా జనం. వైవా అందరి ముందూ జరుగుతుంది, ఎవరైనా ప్రశ్న అడగొచ్చు. ముసలాయన ఉతికిన ధోవతి కట్టి, భుజాన గొంగడి వేసుకుని, భార్యతో మొదటి బస్సుకే వచ్చి కూర్చున్నాడు. నాన్న మూడో వరసలో గోడ పక్కన కూర్చున్నాడు. వాళ్లిద్దరూ ఒకరినొకరు గుర్తుపట్టలేదు. ఒకరు బట్టతలతో, ఒకరు పండ్లు ఊడిపోయి, యాభై ఏళ్లలో ఏం మిగులుతుంది?

నేను నలభై నిమిషాలు మాట్లాడాను. బాగా మాట్లాడాను, ఆ మాట ఒప్పుకోవాలి. తర్వాత గైడు సారు సైగ చేస్తే ముసలాయన లేచి పాడాడు.  వెనక తెర మీద నా స్లైడు. తెర మీద పాలకుండ ఉంది. ఆయన గొర్రె పాల జున్ను అని గొంతెత్తి పాడాడు.

బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఒక పెద్దావిడ. తెల్లజుట్టు, ఖద్దరు చీర. చేతిలో నేను ఆరునెలల కిందట సమర్పించిన థీసిస్ ప్రతి ఉంది. పేజీ తిప్పి చూసింది, తెర వైపు చూసింది, ముసలాయన వైపు చూసింది.

"థీసిస్‌లో జున్ను. ఆయన పాడింది జున్ను. తెర మీద పాలకుండ. ఎందుకు?"

"పాఠాంతరం మేడం," అన్నాడు గైడు సారు వెంటనే.

"మిమ్మల్ని అడగలేదు. అమ్మాయిని అడిగాను."

ఒక్క మాట అంటే చాలు. సారు ఆ మాటను నా నోటికి అందించి కూడా పెట్టాడు. పాఠాంతరం. నాలుగే అక్షరాలు. అంటే పట్టా, దరఖాస్తు, ఇక జూన్ నెలంటే భయం లేని బతుకు. నేను నోరు తెరిచాను. ముసలాయన ఇంకా నిలబడే ఉన్నాడు, తన పాటలో ఏదో తప్పు దొర్లిందేమోనని కంగారుపడుతూ నా వైపు చూస్తున్నాడు. "తప్పు పాడిన్నా అమ్మా?" అని అడిగాడు.

నిజంగా అప్పుడు సిగ్గేసింది. నలభై నాలుగేళ్ల బతుకులో అంత సిగ్గు నేనెప్పుడూ పడలేదు.

"లేదు పెద్దయ్యా, నువ్వు పాడిందే కరెక్టు. నేను మార్చిన," అన్నాను. తర్వాత ఎగ్జామినర్ వైపు తిరిగి మొత్తం చెప్పాను. గొర్రె పాలు ఎవరూ పిండరన్న సంగతి, క్రిస్మస్ నాటకం, చింపేసిన కాగితాలు, సెమినరీ లాటిన్. పుస్తకం చేరని చోట పుట్టిన పాట అని రాశాను, కాదు, పుస్తకం చేరింది, లాటిన్ కాపరి నడిచి నడిచి మా పత్తి చేలదాకా వచ్చాడు, నేను గుర్తుపట్టలేకపోయాను. నా మూడో అధ్యాయం తప్పు. రాసినాయన మూడో వరసలో ఉన్నాడు. ఆయన మా నాన్న.

హాలంతా వెనక్కి తిరిగింది. నాన్న గోడ పట్టుకుని లేచాడు. ముసలాయన రెండడుగులు ముందుకు వేసి, కళ్లు చిట్లించి చూసి, "బ్రదరూ!" అన్నాడు. 

ఎగ్జామినర్ నవ్వలేదు, కోప్పడలేదు. "ఇంతకీ ఆ పిల్ల ఎవరండీ? ఎవరి కోసం రాశారు?" అని అడిగింది నాన్నని.

"ఎవరికోసమూ కాదమ్మా," అన్నాడు నాన్న. "సెమినరీలో అందరం మగపిల్లలమే. నేను అప్పటికి ఏ ఆడపిల్లతోనూ నాలుగు మాటలు మాట్లాడినవాణ్ని కాదు. గొర్రెలకాపరులకు పాట రాయమన్నారు. నాకు తెలిసిన కాపరులు లాటిన్ పుస్తకంలోవాళ్లే. ప్రేమ సంగతి కూడా నాకు తెలిసింది వాళ్ల దగ్గరే. అందులో పిల్ల ఎవరూ లేరు."

అప్పుడు ముసలామె కుర్చీలోంచి లేవకుండానే గట్టిగా అంది. "లేకపోవుడేంది? ఈయన ఆ పాట పాడుకుంట మా చేను గట్టెంబడి తిరిగిండు. జున్నేందిరా అని నవ్వినందుకే నన్ను జేసుకున్నడు. మీరు ఎవలికి రాయకపోతే నాకే రాసినట్టు."

హాల్లో ఎవరో చప్పట్లు కొట్టబోయి ఆగిపోయారు. నాన్న ఆమెకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

నిర్ణయం పావుగంటలో చెప్పారు. థీసిస్ తిరస్కరించలేదు, తిప్పి పంపారు. మూడో అధ్యాయం కొత్తగా రాయాలి, ముగింపు మార్చాలి, మళ్లీ సమర్పించాలి, మళ్లీ వైవా. ఏడాది పడుతుంది. "ఇప్పుడు నీ దగ్గర అసలు విషయం ఉంది. ఆ పాటలు ఎంతదూరం పోయాయో ఇంత నేరుగా చూపించిన పరిశోధన నేను చూడలేదు" అని ఎగ్జామినర్ నా భుజం తట్టింది. గైడు సారు నాతో మాట్లాడకుండా వెళ్లిపోయాడు. నెలాఖరు గడువు, రెగ్యులర్ పోస్టు, చివరి అవకాశం అన్నీ ఆ పావుగంటలో పోయాయి. పట్టా ఎప్పుడైనా రావచ్చు, ఆ ఉద్యోగం మాత్రం రాదు. ఆడవాళ్ల గదిలోకి పోయి కుళాయి విప్పి ఏడ్చాను.

తిరుగు ప్రయాణంలో ఖమ్మం బస్టాండులో బస్సు మారాం. భద్రాచలం బస్సు కదిలాక కూడా నాన్న కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు. నాకు ఆయన మీద కోపం పోలేదు. ఇప్పటికీ పూర్తిగా పోయిందని చెప్పలేను. కానీ రేపటినుంచి చేయాల్సిన పని ఉంది, దాన్ని వాయిదా వేయడం నాకు చేతకాదు. బ్యాగులోంచి నోటుపుస్తకం తీశాను.

"పాట మొదటినుంచి చెప్పు. నువ్వు రాసింది రాసినట్టు," అన్నాను.

ఆయన చెప్పాడు, నేను రాశాను. బస్సు కుదుపులకు అక్షరాలు వంకరపోయాయి. మూడు చరణాలయ్యాక పుస్తకం మూయబోతుంటే, "ఇంకొకటుంది. అది నేర్పేలోపే ఫాదర్ వచ్చేశాడు" అన్నాడు. ఆ చరణం ముసలాయనకు తెలియదు, ఎవరికీ తెలియదు.

ఎండ దిగింది, మంద కదిలింది,
చూసి చూసి నీడ కూడా పోయింది,
రాకుంటే రాకు, నేను పోతున్నా,
పోతూ పోతూ వెనక్కి చూస్తున్నా.

దాన్ని రాసేటప్పుడు నా కళ్లు తడిశాయి, దాచుకోలేదు. ఇరవై రెండేళ్ల కుర్రాడు ఏ పిల్లనూ చూడకుండా ఇంత దిగులు ఎక్కడినుంచి తెచ్చుకున్నాడో! పాట కింద గీత గీసి, "రచన" అని రాసి ఆగాను.

"పేరు రాయొద్దమ్మా," అన్నాడు నాన్న. "వాళ్లదే అని ఉండనీ. అదే బాగుంది."

"రెండేళ్లు నోరు మూసుకున్నావు కదా, ఇంకాసేపు మూసుకో," అన్నాను. పేరు రాశాను.

ఆయన కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. పెట్టుకున్నాడు. నా భుజం మీదుగా వంగి ఆ పేజీని చాలాసేపు చూశాడు. కొత్తగూడెం దాటుతుండగా, చిన్నగా గొంతు సవరించుకుని అడిగాడు:

"ఇంటిపేరు కూడా రాస్తావా?"